మూడో రోజు ఉప్పు చూసే మనిషి

నాకు బీపీ ఉందని మొదట పట్టుకున్నది పళ్ల డాక్టరు. పోయినేడాది జనవరి నెలాఖరులో దవడ పన్ను ఒకటి పుచ్చిపోయి నన్ను నిద్రపోనివ్వలేదు. పీకించుకుని వచ్చేద్దామని నూజివీడు వెళ్లాను. ఆ కుర్ర డాక్టరు నన్ను కుర్చీలో వాల్చి, నోరు తెరవమనాల్సింది పోయి చేతికి పట్టీ చుట్టాడు.

"పన్ను నోట్లో ఉంది బాబూ, చేతిలో కాదు" అన్నాను.

ఆయన నవ్వలేదు. కాసేపు ఊరికే కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు, మళ్లీ చూశాడు. "ఈ బీపీతో నేను మీ పన్ను ముట్టుకోనండీ. ముందు జనరల్ డాక్టరుకు చూపించుకుని రండి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒక నొప్పి తగ్గించమని వస్తే ఇంకో రోగం అంటగడతాడేంటి అని గొణుక్కుంటూ బయటికొచ్చాను. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు. ఇంటి పనీ తోట పనీ ఎప్పటిలాగే లాక్కొస్తున్నాను. నాకు బీపీ ఏంటి, విడ్డూరం కాకపోతే!

ఇప్పుడు ఏడాది దాటింది, గండం గడిచింది. ఆసుపత్రి బెంచీల మీద పక్కన కూర్చున్న ఆడవాళ్లు అడిగినప్పుడల్లా ఇదంతా నోటితోనే చెప్తూ వచ్చాను. చెప్పిన ప్రతిసారీ నాకే కాస్త ధైర్యం వచ్చేది. అందుకే ఈసారి కాయితం మీద పెడుతున్నాను.

నా పేరు రాజ్యలక్ష్మి. మాకు రెడ్డిగూడెం దగ్గర మామిడి తోటలున్నాయి. మేమూ, మా మరిది వాళ్లూ పక్కపక్క ఇళ్లలోనే ఉంటాం. మరిది భార్య పద్మ నాకు తోడికోడలు, నాకంటే బాగా చిన్నది, గలగలా నవ్వే మనిషి. మా అత్తయ్య పోయి చాలా ఏళ్లయింది. ఒక మండు వేసవిలో ఆవిడ పెరట్లో కూలబడి, కుడి చెయ్యీ కాలూ మాటా అన్నీ ఒకేసారి పోగొట్టుకుంది. వడదెబ్బ అన్నారు అందరూ. ఆవిడ మంచం మీద ఉన్నన్నాళ్లూ నోట్లో ముద్ద పెట్టింది నేను, పక్క మార్చింది నేను. ఏదో చెప్పాలని ఆవిడ కళ్లతో గింజుకునేది. అది అర్థంకాక నేను వంటింట్లోకెళ్లి ఏడ్చేదాన్ని.

పళ్ల డాక్టరు దగ్గర నుంచి వచ్చే దారిలో బస్సులో నాకు గుర్తొచ్చింది ఆవిడ కళ్లే. పైకి మాత్రం ఇంటికొచ్చి, "వాడికేం తెలుసు, నిన్నగాక మొన్న చదువు ముగించుకొచ్చాడు" అని కొట్టిపారేశాను. మా ఆయన వినలేదు. మర్నాడే బండి తీశాడు.

ఫిబ్రవరి అంతా నూజివీడులో డాక్టరమ్మ దగ్గరికి తిరగడంతో సరిపోయింది. అక్కడ కూర్చునే చోట కుర్చీలు తక్కువ, మనుషులు ఎక్కువ. మామిడి పూత టైము కదా, వచ్చిన వాళ్లలో సగం మంది రోగం సంగతి వదిలేసి పూత సంగతే మాట్లాడేవాళ్లు. "మీ వైపు పూతకి తేనెమంచు పురుగు ఎలా ఉందండీ?" అని ఒకాయన, "మంచు పడితే పిందె నిలవదండీ" అని ఇంకొకాయన. మా ఆయన కూడా అందులో పడి హాయిగా ఉండేవాడు. నేను మాత్రం నా పేరు ఎప్పుడు పిలుస్తారా అని తలుపు వైపే చూస్తూ కూర్చునేదాన్ని. పిలిస్తే భయం, పిలవకపోతే చిరాకు.

డాక్టరమ్మ మంచి మనిషి, గొంతు పెంచదు. "టాబ్లెట్ రోజూ వేసుకోవాలమ్మా. నొప్పి ఉన్నప్పుడు వేసుకునేది కాదు ఇది. ఉప్పు బాగా తగ్గించండి. పచ్చళ్లు, అప్పడాలు, ఊరమిరపకాయలు మానేయండి" అంది.

పచ్చళ్లు మానేయమని నాతో అనడం ఎలాంటిదో పాపం ఆవిడకేం తెలుసు!

ఇక్కడ మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది, అది చెప్పాలి. ఆవకాయ పెట్టిన మూడో రోజు జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పి, అడుగున ఉన్నది పైకి వచ్చేలా తిరగకలుపుతాం. అప్పుడే ఉప్పు చూడాలి. కాయ పులుపును బట్టి, ఆవపిండి ఘాటును బట్టి ఉప్పు ఒక్కో ఏడు ఒక్కోలా పడుతుంది. తక్కువైతే వానలు మొదలయ్యేసరికి బూజు పట్టి జాడీ మొత్తం పారబోసుకోవాలి. అందుకని ఉప్పు చూసే పని ఎవరో ఒకరి నాలుక మీద పెడతారు. మా వాళ్లందరికీ ఆ నాలుక మా అత్తయ్యది. ఆవిడ మంచాన పడ్డాక నాది. మా ఇల్లు, పద్మ వాళ్లిల్లు, జి. కొండూరులో మా చిన్నత్తగారిల్లు, బాపులపాడులో మా ఆడపడుచు సుశీల ఇల్లు, ఇంకా వాళ్ల తోడికోడళ్లవీ వియ్యాలవారివీ. నేను వచ్చి "సరిపోయింది" అనేదాకా ఎవరూ జాడీకి మళ్లీ గుడ్డ కట్టరు. పెళ్లిళ్లలో నన్ను పరిచయం చేసేటప్పుడు కూడా "ఈవిడేనండీ మాకు ఉప్పు చూసేది" అంటారు. నాకు లోలోపల ఎంత గర్వమో!

సరే, డాక్టరమ్మ చెప్పినట్టే మానేశాను. నేను పట్టు పడితే పట్టే. పప్పులో ఉప్పు తగ్గించి పచ్చిమామిడి ముక్కలు ఎక్కువ వేసేదాన్ని, కూరల్లో నిమ్మకాయ పిండేదాన్ని. మజ్జిగలో ఉప్పు వేసుకోవడం పూర్తిగా మానేశాను. ఇంట్లో మాత్రం రోజూ రాద్ధాంతమే. మా ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నా మొహం వంక చూసి, ఏమీ అనలేక మింగేవాడు. ఆ తర్వాత పని ఉన్నట్టు పద్మ వాళ్లింటికి వెళ్లేవాడు. ఒకరోజు మీసానికి ఎర్రటి నూనె అంటించుకుని వచ్చాడు.

"ఎక్కడ తిన్నారు?"

"తినలేదు, తమ్ముడితో మాట్లాడి వస్తున్నా."

"మీ తమ్ముడు ఆవకాయతో మాట్లాడతాడా?"

ఆ రోజు ఇద్దరం బాగానే పోట్లాడుకున్నాం. నీ రోగానికి నన్నెందుకు మాడుస్తావని ఆయన, మీ అమ్మకి చేసిన చాకిరీ నాకు మీరు చేస్తారా అని నేను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాక ఆయన లేచి తోటకెళ్లిపోయాడు. సాయంత్రానికి మాత్రం నా పక్కన పీట వేసుకుని ఆ చప్పిడి కూరే తిన్నాడు.

మార్చికి బీపీ కాస్త దిగింది. ఏప్రిల్ మొదట్లో ఇంకా దిగింది. డాక్టరమ్మ మెచ్చుకుంది. నేను కూడా, ఇంతేగా, దీనికా ఇంత హడావుడి అనుకున్నాను.

ఏప్రిల్ చివర్లో కాయ కోతకొచ్చింది. ఇంటింటా ఆవకాయ ముక్కలు కొట్టించడం మొదలైంది. ఫోన్ల మీద ఫోన్లు. "వదినా, ఎల్లుండి మాకు మూడో రోజు, వస్తున్నావుగా?" అని సుశీల. "అమ్మాయ్, నువ్వొస్తేగానీ జాడీ ముట్టుకోను" అని చిన్నత్తగారు. వెళ్లకుండా ఎలా ఉంటాను? మా ఆయన బండి వెనక కూర్చుని, తలకి కొంగు చుట్టుకుని, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరిగాను. వెళ్లిన చోటల్లా వేడన్నం సిద్ధంగా ఉంటుంది. కొత్త ఆవకాయ కలిపి ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని చూస్తాను. కాస్త తక్కువ అంటే ఉప్పు వేసి కలుపుతారు, మళ్లీ చూస్తాను. ఒక్కో ఇంట్లో రెండు మూడు జాడీలు. కారం ఆవకాయ వేరు, పెసరావకాయ వేరు, వెల్లుల్లిది వేరు.

మీరు నమ్మండి నమ్మకపోండి, నేను ఉప్పు తింటున్నానని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. వంట చేసే మనిషి ఉప్పు చూస్తే దాన్ని ఎవరన్నా తిండి అంటారా? భోజనానికి కూర్చున్నప్పుడు మాత్రం పచ్చడి వైపు చూసేదాన్ని కాదు. "నాకు బీపీ, వద్దు" అని చెప్పి మజ్జిగన్నం తినేదాన్ని. అందరూ అబ్బో ఎంత నిష్ఠ అనుకునేవాళ్లు. నేనూ అదే అనుకునేదాన్ని.

మే మొదట్లో నూజివీడు వెళ్తే బీపీ మళ్లీ పైకెళ్లింది. డాక్టరమ్మ మొహం చిట్లించింది. "టాబ్లెట్లు సరిగ్గా వేసుకుంటున్నారా?" అని అడిగింది. నాకు రోషం వచ్చింది. "ఒక్కరోజు కూడా తప్పలేదండీ." "పచ్చళ్లు?" "ముట్టడం లేదండీ." ఆవిడ మందు పెంచి రాసింది. నాకు లోపల దిగులు పట్టుకుంది. ఇంత చేసినా దిగడం లేదంటే ఇక నా రాత ఇంతేనా, నేను కూడా అత్తయ్యలాగే మంచాన పడి కళ్లతో మాట్లాడతానా అని బండి మీద వస్తున్నంతసేపూ అదే ఆలోచన.

ఆ వారంలోనే బాపులపాడులో సుశీల వాళ్లింటికి వెళ్లాం. ఎండ నిప్పులు చెరుగుతోంది. పెరట్లో చూరు కింద నన్ను కూర్చోబెట్టి కంచం చేతికిచ్చింది. మొదటి జాడీ చూశాను, బాగుంది. రెండోది కలుపుకున్నాను. ముద్ద నోటి దాకా రాలేదు, జారి చీర మీద పడింది. తీద్దామంటే వేళ్లు ముడుచుకోవడం లేదు. "గుడ్డ ఇవ్వు సుశీలా" అందామనుకున్నాను. నా నోట్లోంచి వచ్చింది మాటలా లేదు.

సుశీల నవ్వింది. "ఏంటొదినా, కారం నసాళానికి ఎక్కిందా?" అని నా వైపు తిరిగింది. పక్కకి వంకరపోయిన నా మూతి చూసి కంచం కింద పడేసి, "అన్నయ్యా!" అని కేక పెట్టింది.

ఆ కేక విని వీధి అరుగు మీంచి మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. ఆయన మొహంలో ఆ రోజు చూసిన భయం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. పక్కింటి వాళ్ల కారులో విజయవాడ తీసుకెళ్లారు. దారి పొడవునా ఆయన నా కుడి చేతిని పట్టుకుని, "నొక్కు రాజ్యం, నా చెయ్యి నొక్కు" అంటూనే ఉన్నాడు. ఊరు దగ్గర పడుతుండగా నా వేళ్లు కదిలాయి. ఆయన చేతిని గట్టిగా నొక్కాను. ఆయన చిన్న పిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ అయ్యాక ఒక అమ్మాయి వచ్చింది, డ్యూటీ డాక్టరట. "పక్షవాతం వచ్చి పోయింది. అదృష్టవంతులు మీరు. ప్రతిసారీ ఇలా వదిలిపెట్టదు" అని, నా మంచం పక్కన కూర్చుని ఒక్కొక్కటే అడగడం మొదలెట్టింది.

"పచ్చళ్లు తింటారా?"

"ఫిబ్రవరి నుంచి ముట్టలేదండీ" అన్నాను. మాట ఇంకా కాస్త తడబడుతోంది.

"ఇది వచ్చినప్పుడు ఏం చేస్తున్నారు?"

"ఉప్పు చూస్తోందండీ" అన్నాడు మా ఆయన.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. మా ఆయన మూడో రోజు సంగతీ, జాడీల సంగతీ, ఏయే ఊళ్లు తిరిగామో అన్నీ ఓపిగ్గా చెప్పాడు. ఆ అమ్మాయి రాసుకుంటున్న పెన్ను ఆపింది.

"అంటే తిన్నారు కదండీ."

"అబ్బే, తినలేదండీ. చూసిందంతే."

"చూశాక ఉమ్మేశారా, మింగేశారా?"

నాకు అంత బాధలోనూ నవ్వొచ్చింది. నవ్వితే మూతి సరిగ్గా రాక మళ్లీ ఏడుపొచ్చింది. ఆ అమ్మాయి నా భుజం తట్టి, "అదొక్కటే కారణం అనను. ఎండ ఉంది, తిరుగుడు ఉంది, మీకు తెలియకుండా ఎన్నేళ్ల నుంచో బీపీ కూడా ఉండుంటుంది. కానీ మందు వేసుకుంటున్నా మళ్లీ ఎందుకు పెరిగిందో ఇప్పుడు తెలిసింది" అంది.

ఆ అమ్మాయి వెళ్లిపోయాక మా ఆయన నా మంచం పక్కకి కుర్చీ లాక్కున్నాడు. ఉన్నట్టుండి, "అమ్మ పడిపోయింది ఎప్పుడు?" అని అడిగాడు.

అత్తయ్య పడిపోయింది ఆవకాయల రోజుల్లోనే. ఆ ముందు రోజే జి. కొండూరు నుంచి ఉప్పు చూసి వచ్చింది. కాళ్లు కడుక్కుని, తల బరువుగా ఉందమ్మాయ్ అని పడుకుంది. ఎండన పడి వచ్చింది కదా అని మజ్జిగలో ఉప్పు వేసి ఇచ్చింది నేనే. ఆవిడకి బీపీ ఉందో లేదో ఎవరికీ తెలియదు, ఎప్పుడూ చూపించలేదు. అందుకని దానివల్లే అని నేను ఒట్టేసి చెప్పలేను. కానీ ఆ మధ్యాహ్నం మేమిద్దరం అనుకున్నది ఒకటే.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నన్ను నిలబెట్టింది పక్క మంచం కుర్రాడి తల్లి. కొడుక్కి కిడ్నీల జబ్బట, వాడికీ ఉప్పు పనికిరాదు. మా ఆయన క్యాంటీన్ లో నాకు తినేదేమీ దొరక్క అవస్థ పడుతుంటే చూసి, మర్నాటి నుంచి రెండు బాక్సులు తెచ్చింది. "ఎలాగూ మావాడికి చప్పగా వండాలి. ఇంకో పిడికెడు బియ్యం ఎక్కువ పడేస్తే పోయిందేముందమ్మా" అంది. సొరకాయలో పెసరపప్పు వేసి, పైన జీలకర్ర పోపు పెట్టేది. ఎంత బాగుండేదో! చప్పిడి కూర కూడా కమ్మగా ఉంటుందని నాకు నేర్పింది ఆవిడే.

వానాకాలం ఇంట్లోనే గడిచింది. సుశీల వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుని, "నేనే పిలిచి నీ మీదకి తెచ్చాను వదినా" అని ఒకటే ఏడుపు. "పిలవకపోతే అలిగేదాన్ని కదే, నోరు మూసుకో" అన్నాను. మా ఆయన బీపీ మిషన్ కొన్నాడు. పొద్దున్నే తోటలో చెట్ల కింద ఇద్దరం నడిచి వచ్చి, కాసేపు ఊరికే కూర్చుని, తర్వాత చూసుకునేవాళ్లం. దసరా నాటికి మళ్లీ దారిలో పడ్డాను. అన్నాళ్లూ లవంగం నూనెతో నెట్టుకొచ్చిన నా పన్ను పళ్ల డాక్టరు పీకాడు. నేను ఆయనకి దండం పెడితే కంగారుపడ్డాడు.

ఒకసారి నూజివీడు డాక్టరమ్మని, "ఇప్పుడు అంతా బాగుందిగా, టాబ్లెట్ ఆపేయొచ్చాండీ?" అని అడిగాను. "వేసుకుంటున్నారు కాబట్టి బాగుందమ్మా" అంది. ఇది చదివే వాళ్లు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు. ఒళ్లు బాగుందని మీ అంతట మీరు మానకండి. నాలాగా ఏ బాధా లేకుండా తిరుగుతున్నా సరే, ఒకసారి చూపించుకోండి.

ఇక ఈ ఏడు మే నెల. ఈసారి ఏ ఊరూ వెళ్లనని ముందే చెప్పేశాను. కానీ మా ఇంటి జాడీ ఉందిగా. మూడో రోజు పద్మా నేనూ కలిసి తిరగకలిపాం. వేలికొసతో ఇంత నాలుక మీద పెట్టుకుని, వెంటనే ఉమ్మేసి నోరు పుక్కిలించాను.

"అబ్బో, ఉప్పు కషాయంలా ఉందే! ఎంత పోశావే?"

పద్మ తెల్లబోయింది. "ఎప్పటి కొలతేనక్కా. ఇంకా కాస్త తగ్గించానేమో కూడా." మా ఆయన్ని పిలిచి వేలికి అంటించాం. ఆయన ఇప్పటికీ పండగ పూట కాస్త ముట్టుకుంటాడు. చప్పరించి, నా వైపు బెరుకుగా చూశాడు.

"చెప్పండి, పర్లేదు."

"చప్పగా ఉంది రాజ్యం. ఇలా కడితే బూజు పట్టేస్తుంది."

మొదట కోపం వచ్చింది. నా నాలుకకే వంకపెడతారా అని నోటిదాకా వచ్చింది. తర్వాత తెలిసింది, ఏడాదిగా ఉప్పు లేని తిండి తిని నా నాలుక మారిపోయింది. ఇక నేను "సరిపోయింది" అంటే నమ్మి జాడీ కట్టినవాళ్లు ముక్కతో సహా పారబోసుకోవాల్సిందే. వంటింటి గడప మీద కూర్చుని ఏడ్చాను. ఏదో పదవి పోయినట్టు ఏడ్చాను. అది పోబట్టే నేనిలా కూర్చుని ఏడవగలుగుతున్నానని తెలుసు, అయినా ఏడుపు ఆగలేదు.

కళ్లు తుడుచుకుని, "పద్మా, ఇక నుంచి నువ్వే చూడాలే" అన్నాను.

దాని మొహం వెలిగిపోయింది. ఎన్నాళ్ల నుంచి ఎదురు చూస్తోందో! ఉప్పు పోసి కలిపి, పరుగున వెళ్లి వేడన్నం తెచ్చుకుంది. నిండుగా ఆవకాయ కలుపుకుని ముద్ద చేసింది. అత్తయ్య కూడా సరిగ్గా అలాగే చేసేది.

"ఆగవే. నోట్లో పెట్టకు. ముందు ఇలా వచ్చి కూర్చో."

"ఎందుకక్కా?"

మిషన్ తెచ్చి దాని ఎడమ చేతికి పట్టీ చుట్టాను. అది పకపకా నవ్వింది. "నాకేంటక్కా, గుండ్రాయిలా ఉన్నాను" అంది. నవ్వుతూ ఉంటే సరిగ్గా రాదని కాసేపు ఊరుకోమన్నాను. పట్టీ బిగిసి వదిలింది. అంత పెద్ద అంకెలు చూసి మిషన్ తప్పనుకున్నాను. చెయ్యి కడుక్కోమని, మంచినీళ్లిచ్చి, కాసేపు ఆగి రెండో చేతికి చూశాను. అవే అంకెలు.

పద్మ నవ్వడం ఆపింది. "ఇవి నీవి కదక్కా? పాతవేమో?"

"కాదు, నీవే."

అది కంచంలో ముద్ద వైపు చూసింది. "మరి సుశీల వదిన ఎల్లుండి రమ్మంది కదా, నేను వస్తానని చెప్పేద్దామనుకున్నా. ఇప్పుడు అందరికీ ఉప్పు ఎవరు చూస్తారు?"

"ఎవరింటి జాడీ వాళ్లే చూసుకుంటారు, వేలికొసతో. నేనే ఫోన్ చేసి చెప్తా. రేపు పొద్దున్నే నువ్వూ నేనూ నూజివీడు వెళ్తున్నాం."

"నాకేమీ బాధ లేదక్కా" అంది.

"అత్తయ్యకి కూడా ఏ బాధా లేదే. ఆవిడకి చెప్పేవాళ్లు లేకపోయారు. నీకు నేనున్నాను" అని, దాని ముందు నుంచి కంచం తీసేశాను.